వారానికొక రోజు.. బడే కార్ఖానా

పాబళ్‌లో మొదలైన సాంకేతిక విద్యా ప్రయోగం

పదో తరగతి తప్పినవారికి చేతిపని, పాసైనవారికి పుస్తకం. మన విద్యావ్యవస్థలో చిరకాలంగా పాతుకుపోయిన విభజన ఇది. దీనిని చెరిపివేసేందుకు మహారాష్ట్రలోని ఒక కరవు పల్లెలో జరిగిన ప్రయత్నం నాలుగు దశాబ్దాలు దాటినా చర్చకు వస్తూనే ఉంది. పుణె జిల్లా శిరూర్ తాలూకాలోని పాబళ్ గ్రామంలో 1983లో ప్రారంభమైన విజ్ఞాన్ ఆశ్రమం, ఎనిమిది నుంచి పదో తరగతి వరకు చదివే పిల్లలకు వారంలో ఒక రోజును సాంకేతిక పనులకు కేటాయించే పాఠ్యక్రమాన్ని రూపొందించింది. దాని పేరు ఇంట్రడక్షన్ టు బేసిక్ టెక్నాలజీ. క్లుప్తంగా ఐబీటీ. మహారాష్ట్ర మాధ్యమిక విద్యామండలి దీనిని గుర్తించింది. అంటే ఇది బడి వేళల తర్వాత నేర్పే కాలక్షేపం కాదు, మార్కులున్న సబ్జెక్టు.

శాస్త్రవేత్త మలిమజిలీ

ఈ పాఠ్యక్రమ రూపకర్త డాక్టర్ శ్రీనాథ్ కల్‌బాగ్. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో ఆహార సాంకేతిక శాస్త్రంలో డాక్టరేటు పొందిన ఆయన, హిందుస్థాన్ లీవర్ పరిశోధన కేంద్రంలో ఉన్నతోద్యోగం చేశారు. పదవీ విరమణ గడువుకు ముందే దానిని వదిలి పాబళ్ చేరారు. 2003లో మరణించారు. ఆశ్రమానికి నీడనిచ్చిన మాతృసంస్థ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఎడ్యుకేషన్‌ను స్థాపించినది విద్యావేత్త జె.పి.నాయక్. 1964-66 నాటి కొఠారి కమిషన్‌కు సభ్య కార్యదర్శి ఆయనే. పని అనుభవం పాఠశాల విద్యలో భాగం కావాలని ఆ కమిషన్ సిఫారసు చేసింది. 1937లో వార్ధాలో గాంధీజీ ప్రతిపాదించిన నయీ తాలీం మూలసూత్రమూ ఇంచుమించు ఇదే. అయితే చాలా బడుల్లో ఆ సిఫారసు సుద్దముక్కలు, కాగితపు పూల తయారీని దాటి ముందుకు సాగలేదన్నది వాస్తవం.

కొలతతో మొదలు

ఐబీటీలో విభాగాలు నాలుగు. ఇంజినీరింగు, ఇంధనం-పర్యావరణం, వ్యవసాయం-పశుపోషణ, గృహం-ఆరోగ్యం. ఏ విద్యార్థీ ఒకదానిని ఎంచుకుని తక్కినవి వదిలివేయడానికి వీల్లేదు. బాలికలు వెల్డింగు చేస్తారు, బాలురు వంట చేస్తారు. మట్టి పరీక్ష, రక్త గ్రూపు నిర్ధారణ, విద్యుత్తు వైరింగు అందరికీ ఉమ్మడి.

తయారీ పనికి తొలి మెట్టు కొలత. టేపు, వెర్నియర్ కాలిపర్సు, మూలమట్టం, రసమట్టం వాడకం తెలియాలి. ఆ తర్వాత చేయదలచిన వస్తువును పైనుంచి, ముందునుంచి, పక్కనుంచి చూసినట్లు కొలతలతో కాగితంపై గీయాలి. అటుపిమ్మటే కోత, రంధ్రాలు, వెల్డింగు, రంగు. ఒక ఇనుప బల్ల చట్రాన్నే తీసుకుంటే, మూలలు సరిగా కుదిరాయో లేదో తెలియడానికి రెండు కర్ణాలనూ కొలిచి సమానమో కాదో చూడాలి. బోర్డు మీద పైథాగరస్ సిద్ధాంతం ఒంటబట్టని పిల్లవాడికి వంకరపోయిన చట్రం అదే సంగతిని మరో విధంగా బోధిస్తుంది. వేడికి వ్యాకోచించిన ఇనుము చల్లారేటప్పుడు అతుకును తనవైపు లాగుతుంది. అందుకే పనివారు ముందుగా నాలుగు మూలలా చిన్న చుక్కలు పెట్టి, కొలత మరోసారి సరిచూసుకుని, ఆపైనే పూర్తి అతుకు వేస్తారు. భౌతికశాస్త్ర పుస్తకంలో ఒక వాక్యంగా ఉన్న వ్యాకోచ సంకోచాలు ఇక్కడ పాడైన వస్తువు రూపంలో ఎదురవుతాయి.

చివరి అంకం ఖర్చు లెక్క. ఇనుము ఎన్ని కిలోలు పట్టింది, రాడ్లు ఎన్ని కాలాయి, విద్యుత్తు ఎంత, కూలి ఎంత, పనిముట్ల అరుగుదల ఎంత. ఇవన్నీ కూడి బజారు ధరతో పోల్చాలి. మూడడుగుల ముక్క అవసరమైనచోట కొలత తప్పి వృథా చేసిన అడుగు ఇనుము ఈ లెక్కలో బయటపడక మానదు. తయారైన వస్తువు తుక్కులోకి పోకుండా బడికో, ఊరికో పనికివచ్చే పనులనే ఎంచుకోవడం ఈ విధానంలోని మరో విశేషం.

బోధించేది ఎవరు?

సాధారణ ఉపాధ్యాయులకు వెల్డింగు రాదు. వెల్డింగు వచ్చినవారికి బీఈడీ ఉండదు. ఈ చిక్కుముడికి పాబళ్ కనుగొన్న పరిష్కారం స్థానిక వృత్తి నిపుణులే. ఆశ్రమం నిర్వహించిన ఏడాది ఆవాస కోర్సు, డిప్లొమా ఇన్ బేసిక్ రూరల్ టెక్నాలజీకి జాతీయ సార్వత్రిక విద్యాపీఠం గుర్తింపు లభించింది. బడి మధ్యలో మానేసినవారికీ అందులో చోటిచ్చారు. అలా శిక్షణ పొందినవారిలో కొందరు బోధకులుగా, మరికొందరు సొంత వర్క్‌షాపుల యజమానులుగా స్థిరపడ్డారు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ (ఎంఐటీ) 2002లో తన ప్రాంగణం వెలుపల తొలి ఫ్యాబ్ ల్యాబ్ ఏర్పాటుకు ఎంచుకున్నదీ ఈ పల్లెనే కావడం గమనార్హం.

విస్తరణ మాత్రం సులువు కాలేదు. పుణె కేంద్రంగా పనిచేసే లెండ్ ఎ హ్యాండ్ ఇండియా సంస్థ ఈ పద్ధతిని మరిన్ని బడులకు చేర్చింది. కానీ బోధకుల గౌరవ వేతనం, ఇనుము, సిమెంటు వంటి సరకు నెలనెలా ఉండే ఖర్చులు. ఒకసారి యంత్రాలు కొనిచ్చి ఊరుకుంటే షెడ్డుకు తాళం పడటం ఖాయం. పదో తరగతి ఫలితాల ఒత్తిడి మరో అడ్డంకి.

తెలుగు రాష్ట్రాల సంగతి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో వృత్తివిద్య అనగానే గుర్తుకు వచ్చేది ఇంటర్మీడియట్ ఒకేషనల్ కోర్సు. అది పదో తరగతి తర్వాతి మాట. పైగా ఆ దారిలో వెళ్లి కొన్ని డిగ్రీ కోర్సుల వైపు మళ్లదలచినవారు బ్రిడ్జి కోర్సు పూర్తిచేయవలసి వస్తుంది. సమగ్ర శిక్షా కింద 9వ తరగతి నుంచే కోర్సులు వచ్చినా, అక్కడ విద్యార్థి ఒక రంగాన్ని ఎంచుకోవాలి. పాబళ్ విధానంలో పదో తరగతి వరకు ఆ ఎంపిక ప్రసక్తే లేదు.

జాతీయ విద్యావిధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్యలో పది రోజుల పాటు పుస్తకాల సంచి లేకుండా పిల్లలు స్థానిక వడ్రంగులు, కుమ్మరులు, తోటమాలుల వద్ద పని తెలుసుకోవాలని సూచించింది. 2025 నాటికి కనీసం 50 శాతం విద్యార్థులకు వృత్తివిద్యతో పరిచయం కలగాలన్న లక్ష్యాన్నీ పెట్టుకుంది. చుక్క పెట్టడం, కర్ణం కొలవడం, లెక్క కట్టడం పది రోజుల్లో చూడవచ్చు గానీ చేయి తిరగదు. ఐబీటీ విద్యార్థికి వారానికొక రోజు చొప్పున వరుసగా మూడేళ్లు దక్కుతాయి.