బహుభాషా వృద్ధుల్లో మాట లోపం: హైదరాబాద్ ఆధారాలు చెబుతున్నదేమిటి?

రెండు భాషలు మాట్లాడేవాళ్లకు డిమెన్షియా ఆలస్యంగా వస్తుందన్న మాట పరిశోధన పత్రికలు దాటి దినపత్రికల ఆరోగ్య పేజీలకు చేరింది. దాని చాటున మరో నమ్మకం కూడా చొరబడింది: అలాంటివాళ్లకు ముసలితనంలో మాట కూడా గట్టిగా నిలుస్తుందని. మొదటిదానికి ఆధారం ఉంది, రెండోదానికి లేదు. ఈ గందరగోళానికి మూలం టొరంటో బృందం ఎంచుకున్న ప్రశ్నలోనే ఉందని నా వాదన. ఆ బృందంలోని ఎలెన్ బియాలిస్టాక్, ఫెర్గస్ క్రెయిక్, మోరిస్ ఫ్రీడ్‌మన్ 2007లో 184 మంది డిమెన్షియా రోగుల రికార్డులు పరిశీలించి, ద్విభాషుల్లో లక్షణాలు 4.1 ఏళ్లు ఆలస్యంగా బయటపడ్డాయని చూపారు. ఆ ద్విభాషుల్లో ఎక్కువమంది వలస వచ్చినవాళ్లేనన్న ఆక్షేపణ పాతదే. అంతకన్నా పెద్ద లోపం వేరే ఉంది. జబ్బు ఏ వయసులో మొదలైందన్నది ఒక్కటే కొలత అయినప్పుడు, ఆ తర్వాత ఆ మనిషి ఎవరితో, ఏ భాషలో, ఎంతవరకు మాట్లాడగలుగుతున్నాడన్నది లెక్కలోకే రాదు.

హైదరాబాద్ ఆధారాలను ఈ దృష్టితో మళ్లీ చదవాలి. అక్కడి నిమ్స్ ఆసుపత్రి రోగులపై సువర్ణ అల్లాడి, థామస్ బాక్, వాళ్ల సహచరులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో 648 మంది డిమెన్షియా రోగులున్నారు. వారిలో 391 మంది ద్విభాషులు. ఇక్కడ రెండో భాష వలసతో వచ్చింది కాదు. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు ఒకే వీధిలో, ఒకే కొట్టు ముందు వినపడే ఊరు ఇది. తేడా 4.5 ఏళ్లు. బడి ముఖం చూడనివాళ్లలో అది 6 ఏళ్ల దాకా పోయింది కాబట్టి చదువే అసలు కారణమన్న వాదం నిలవదు. మూడో భాష వల్ల అదనపు లాభం కనిపించలేదు. ఇంతవరకు అందరూ ఉదహరించేదే. ఉదహరించనివి ఆ బృందం తర్వాతి రెండు ఫలితాలు. 2016లో 608 మంది పక్షవాత రోగుల్ని పరిశీలిస్తే, జ్ఞాపకం, ఆలోచన మామూలుగా నిలిచినవాళ్లు ద్విభాషుల్లో 40.5 శాతం, ఏకభాషుల్లో 19.6 శాతం, అఫేసియా (మెదడు దెబ్బతిని మాట లోపించడం) విషయంలో మాత్రం రెండు వర్గాలకూ తేడా లేదు. 2017లో మెదడు ముందు, పక్క భాగాలు దెబ్బతినే ఫ్రంటోటెంపొరల్ డిమెన్షియాను విడదీసి చూస్తే, ప్రవర్తన దెబ్బతినే రకం ద్విభాషుల్లో ఆలస్యంగా మొదలైంది; మాట దెబ్బతినే రకాలు ఆలస్యం కాలేదు. రెండు వేర్వేరు జబ్బుల్లో ఒకే తీరు కనిపించిందంటే దాన్ని కాకతాళీయం అనుకోలేం. రెండో భాష కాపాడేది ధ్యాసనూ నిగ్రహాన్నీ; పదాల కొట్టును కాదు.

పక్షవాతం తర్వాత వచ్చే అఫేసియా ద్విభాషుల్లో కొంత తేలికగా ఉందని 2019లో హైదరాబాద్ నుంచే ఒక ఫలితం వచ్చింది గానీ, తీవ్రత తగ్గడం వేరు, లోపం రాకుండా ఆగడం వేరు. న్యూయార్క్‌లో వృద్ధుల్ని ఏళ్ల తరబడి గమనించిన 2014 నాటి అధ్యయనంలో డిమెన్షియా ఆలస్యమే కనిపించలేదన్నది నిజమే. కానీ అది వలస వచ్చిన, స్పానిష్ మాట్లాడే కుటుంబాల కథ, మన వీధులది కాదు.

మాటకు రక్షణ లేదని ఒప్పుకుంటే, దాన్ని పరీక్షించే పద్ధతి మీద శ్రద్ధ పెరగాలి. నిమిషంలో గుర్తొచ్చిన జంతువుల పేర్లన్నీ చెప్పమనే పరీక్షనే చూడండి. పాతబస్తీ పక్కన పుట్టి పెరిగిన వృద్ధురాలు ‘ఆవు, బర్రె, మేక, షేర్, కుక్క, బిల్లీ, ఏనుగు’ అంటుంది అనుకుందాం. తెలుగు మాటలకే మార్కులిస్తే ఐదు, అన్నిటికీ ఇస్తే ఏడు. ఆమె తర్వాత ‘పిల్లి’ కూడా అంటే? దక్కనీ ‘బిల్లీ’ అన్నా పిల్లే, కొత్త జంతువు కాదు కాబట్టి మార్కు ఉండదు. అలాగని చెప్పిందే చెబుతోందని జబ్బు ఖాతాలో రాయడమూ అన్యాయమే. ఆమె చిన్నప్పటి నుంచీ ఇలాగే మాట్లాడింది. భాషలు కలవడం ఆమె ఆరోగ్యంగా ఉన్ననాటి అలవాటు. కానీ ఇంటి కోడలికి దక్కనీ రాదని తెలిసీ ఆమెతో ఈమధ్యే దక్కనీలోకి జారుతోందంటే, అది లక్షణం. ఈ తేడాను మార్కుల కాగితం పట్టుకోలేదు, ఇంట్లోవాళ్లు చెప్పగలరు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) పరీక్షల పెట్టె తెలుగుతో సహా ఐదు భారతీయ భాషల్లో రావడం మేలే. కానీ ఐదు భాషల్లో ఐదు విడి పరీక్షలుండటం, ఒకే మనిషిలోని రెండు భాషల్ని కలిపి పరీక్షించడం ఒకటి కాదు. మనవాళ్లలో పదాలు పోయాయని రాసుకున్న కేసుల్లో చాలా వాటికి జబ్బు కన్నా ఏకభాషా పరీక్షే కారణమని నా నమ్మకం.

అన్ని భాషల్లో పరీక్షిస్తే గంటలు పడుతుంది, అన్నీ వచ్చిన స్పీచ్ థెరపిస్టు దొరకరు అంటారు. మిషెల్ పారడీ 1987లోనే ద్విభాషా అఫేసియా పరీక్షను భాషల జంటలవారీగా రూపొందించారు. దారి కొత్తది కాదు. సోలాపూర్‌లో ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ మాట్లాడే పద్మశాలీ వృద్ధుణ్ణి మరాఠీలో మాత్రమే పరీక్షిస్తే, భార్యతో ఇంకా మాట్లాడగలుగుతున్నాడా లేదా అన్నది తేలదు. వైద్యం ఏ భాషలో మొదలుపెట్టాలో తేల్చేది ఆ సమాధానమే. రోగి నమోదు పత్రంలో ‘మాతృభాష’ అన్న ఒక్క గడి బదులు ఎవరితో ఏ భాష, ఎప్పటినుంచి అన్న మూడు గడులు పెట్టడానికి గంటలు అక్కర్లేదు.