కలర్ రూమ్‌లో మూడో గరిటె

డ్రమ్ము మూత తియ్యి. జాగ్రత్త, మెల్లగా.

తిరుప్పూరులో బనియన్ బట్టకు రంగేసే యూనిట్ ఇది. నువ్వున్నది కలర్ రూమ్. గాలొస్తే కాటా మీద అంకె నిలవదని కిటికీ మూసేశారు. ఈ లాటుకు 12 కిలోల ఎరుపు తూచాలి. గరిటె ముంచి బకెట్‌లో వంచుతావు. మిరపకారం జల్లెడ పట్టినట్టు పొడి లేస్తుంది. ముక్కుకు కట్టుకున్న తువ్వాలు ఒకసారి విప్పి చూడు. లోపలి వైపు, ముక్కు ఆనిన చోట ఎర్రటి మచ్చ.

మిషన్ దగ్గర నిలబడేవాళ్లకు లేని దగ్గు నీకెందుకు? నీళ్లలో కలిశాక రంగు ఎగరదు. పొడి తూచేవాడికే ముప్పు. ఇది రియాక్టివ్ డై. ఎంత ఉతికినా నూలును వదలకుండా పట్టుకునే రంగు. ఊపిరితో లోపలికి పోతే మన ఒంట్లోని ప్రొటీన్లనూ అలాగే పట్టుకుంటుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడిచినా ఏమీ తెలియదు. ఆ తర్వాత కొందరి ఒంటికి అది పడదు. తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. సెలవు రోజున హాయిగా ఉంటుంది. డ్యూటీ ఎక్కగానే మళ్లీ మొదలు.

రెండో గరిటె. గొంతులో గరగర.

మూడోది. ఛాతీ బిగిసింది. గాలి లోపలికి పోతోంది. బయటికి రాదు. పిల్లికూతలు. నీవే. గరిటె వదిలెయ్. బయటికి నడు. గోడ పట్టుకో. కూర్చో.

2011లో మద్రాస్ హైకోర్టు నొయ్యల్ నది కోసం ఈ ఊళ్లో డైయింగ్ యూనిట్లన్నీ కొన్నాళ్లు మూయించింది. నదిలో రంగు ఊరంతటికీ కనబడింది. నీ ఛాతీలోకి పోయేది ఎవరి కంటా పడదు. అందుకే నువ్వే నోరు విప్పాలి.

డాక్టర్ దగ్గర "డైయింగ్‌లో పని" అని ఊరుకోకు. "రంగు పొడి తూస్తాను" అని చెప్పు. పనికెళ్లిన రోజుల్లో, సెలవుల్లో ఊపిరి జోరు కొలిచే పీక్ ఫ్లో మీటర్ ఊదించి తేడా చూస్తారు. పని వల్ల వచ్చే ఆస్తమా చట్టప్రకారం పరిహారం దక్కే జబ్బుల జాబితాలో ఉంది. డాక్టర్ రాసిచ్చిన కాగితం దాచుకో.

ఇన్‌హేలర్ పీల్చి మళ్లీ కాటా దగ్గరికే వెళ్తావా? ఒకసారి పడకుండా పోయాక చిటికెడు దుమ్ము చాలు, మళ్లీ ఆయాసం తేవడానికి. తువ్వాలు ఆపలేదు. మేస్త్రీని ఇప్పుడే అడుగు: "అన్నా, కాటా దగ్గర దుమ్ము లాగేసే ఎగ్జాస్ట్ పెట్టించండి. పొడి బదులు గుళికల రంగో, ద్రావణమో తెప్పించండి. నన్ను మాత్రం ఈరోజే ప్యాకింగ్‌కి మార్చండి."