పొదుపు చిట్కాల వెనక చాకిరేవు

ఆమధ్య అమ్మ పట్టుచీర ఒకటి పాడుచేశాను. చింపలేదు, కాల్చలేదు. ఆదివారం ఇంటిపని నేనూ చేస్తానన్న గొప్ప కోసం బుట్టలో ఉన్నవన్నీ కలిపి వాషింగ్ మెషీన్లో పడేసి, ఖరీదైన పౌడరు రెండు చెంచాలు ఎక్కువే వేసి, బటన్ నొక్కాను. గంట తర్వాత మెరుపంతా పోయి, నలిపిన కాగితంలా బయటికొచ్చింది. అమ్మ తిట్టలేదు. "కుంకుడు రసంలో ముంచి నీడన ఆరేస్తే సరిపోయేదిరా, మన చాకలామె ఎప్పుడూ అదే చెప్పేది" అంది.

తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి రెండు ప్రశ్నలు పట్టుకున్నాయి. ఆ పౌడరులో ఏముంది? అమ్మ ఇన్నేళ్ళుగా "అమ్మమ్మ చిట్కాలు" అని చెప్పేవాటిలో నిజంగా అమ్మమ్మవి ఎన్ని?

మొదటిదానికి జవాబు తేలికే. పట్టు అంటే ప్రోటీను. రక్తం, పాలు, గుడ్డు లాంటి మరకలూ ప్రోటీన్లే. వాటిని ముక్కలు చేసే ఎంజైములు ఇప్పటి చాలా పౌడర్లలో కలుపుతారు. 1913లోనే ఆటో రోమ్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త ఎంజైములతో బట్టలుతికే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. మరక ఏదో చీర ఏదో ఎంజైముకి తెలీదు కదా. పైగా పౌడర్లో క్షారం, అదీ పట్టుకి పడదు. కుంకుడుకాయలో నురగనిచ్చే సపోనిన్లు ఉంటాయి, ఆ క్షారం ఉండదు. మన చాకలామెకి ఈ పేర్లేవీ తెలీవు, కానీ ఏ బట్టకి ఏది పడదో తెలుసు.

రెండో ప్రశ్నే నన్ను ఇంత దూరం తెచ్చింది.

మాది తెనాలి దగ్గర పల్లెటూరు. నేను బడికెళ్ళే 1980ల్లో కూడా మా ఇంటికి చాకలామె వచ్చి బట్టలు మూటగట్టుకుపోయేది. (ఇప్పుడు రజకులు అంటున్నాం. అప్పుడు ఊళ్ళో వాడిన మాటే ఇక్కడ రాస్తున్నాను, కించపరచడానికి కాదు.) ఆ మూట రేవుకి వెళ్ళాక జరిగేదంతా ఇప్పుడు ఆలోచిస్తే ఒక చిన్న ఫ్యాక్టరీ.

ముందు చౌడు. చౌడు నేలల్లో పైకి తెల్లగా పేరుకునే మట్టిలో సోడియం కార్బొనేట్ ఉంటుంది, అంటే మన చాకలి సోడా. (ఆ సోడాకి మనవాళ్ళు పెట్టుకున్న పేరులోనే వృత్తి ఉంది చూడండి.) చౌడు కలిపిన నీళ్ళలో బట్టలు తడిపి, బాన మీద పేర్చి, కింద మంట పెట్టి రాత్రంతా ఆవిరి పట్టించేవాళ్ళు. దాన్నే ఉబ్బ వెయ్యడం అంటారు. అందులో తమాషా ఏమిటంటే, బట్టకి అంటుకున్న ఒంటి జిడ్డు ఆ వేడిలో క్షారంతో కలిసి కొంతవరకు సబ్బుగా మారుతుంది. మురికిలోంచే సబ్బు పుట్టించి, ఆ సబ్బుతోనే మిగిలిన మురికి వదలగొట్టడం. ఇంతకన్నా పొదుపైన డిజైన్ నేనైతే చూళ్ళేదు.

తర్వాత గంజి. అన్నం వార్చిన గంజి పారబొయ్యకుండా బట్టలకి పెట్టేది బిగువు కోసం మాత్రమే కాదు. నూలుపోగు మీద పలచటి పొరలా ఉంటుంది కాబట్టి దుమ్ము, చెమట చాలావరకు దాని మీదే ఆగుతాయి. ఉతికినప్పుడు గంజితో పాటే పోతాయి. ఆపైన నీలిమందు. పాతబడిన తెల్లబట్టకి పసుపు ఛాయ వస్తుంది, కాస్త నీలం కలిస్తే కంటికి మళ్ళీ తెల్లగా కనిపిస్తుంది. ఒకప్పుడు ఆ నీలం రాయి బంగారంతో సమానం. కృత్రిమంగా చేసి చూపించినందుకు 1828లో ఫ్రాన్సులో గిమే అనే ఆయనకి బహుమతి ఇచ్చారు. ఆ తర్వాతే అది సామాన్యుల బట్టల దాకా దిగింది.

ఊళ్ళో ఇన్ని ఇళ్ళ తెల్లపంచెలు కలిసిపోకుండా ఎలా? నల్లజీడి గింజ రసంతో మూలన చిన్న గుర్తు. ఒకటి చుక్క, ఒకటి గీత, ఒకటి చుక్కా గీతా. ఎన్ని ఉతుకులైనా పోదు. మన భాషలో చెప్పాలంటే ప్రైమరీ కీ. ఆ రసం ఒంటికి తగిలితే పుండు పడుతుంది. రెండో ప్రపంచయుద్ధంలో మన దేశానికొచ్చిన విదేశీ సైనికులకి మెడ దగ్గర దద్దుర్లొస్తే, చివరికి అది చొక్కా మీద ధోబీ పెట్టిన గుర్తు వల్లేనని డాక్టర్లు తేల్చారు. సైనికుడి మెడ మీద దద్దు వైద్య పత్రికలకెక్కింది. రోజూ అదే రసంతో గుర్తులు పెట్టిన చేతుల గురించి ఎవరు రాశారు?

ఇక చెప్పులు. మా తాతయ్య కిర్రుచెప్పులకి ఆముదం పట్టించి రాత్రంతా ఉంచేవాడు. అది తాతయ్య చిట్కా అనుకునేవాణ్ణి, కానీ కుట్టిచ్చినాయన చెప్పిందే తాతయ్య చేసేవాడు. మన దగ్గర తోళ్ళు ఊనడానికి తంగేడు చెక్క వాడేవారు. అందులోని టానిన్ పచ్చితోలు కుళ్ళకుండా చేస్తుంది. అలా ఊనిన తోలు ఎండకి, వానకి బిర్రబిగుస్తుంది. నూనె లోపలికి దిగితే పోగులు ఒకదానిమీద ఒకటి జారి మళ్ళీ మెత్తబడుతుంది, చెప్పు కరవదు. 1884లో అమెరికాలో షుల్ట్జ్ అనే ఆయన క్రోమియంతో తోలు ఊనే పద్ధతికి పేటెంటు తీసుకున్నాక కథ మారింది. ఇప్పుడు మన ఆఫీసు బూట్ల పైతోలు ఎక్కువగా ఆ రకమే. దానికి ఆముదం పులిమితే జిడ్డే మిగులుతుంది.

సరే, ఇంతకీ ఇదంతా ఎందుకు చౌక? చౌడు ఊరికే దొరుకుతుంది, గంజి ఇంట్లోదే, నిజమే. కానీ అసలు చౌకైంది మనిషి కష్టం. కళ్ళంలో ఏడాదికోసారి కొలిచే మేర, మాపటేళ గిన్నె పట్టుకుని ఇంటింటికీ తిరిగితే పెట్టే అన్నం. దానికి బదులు ఏడాది పొడుగునా ఉతుకుడు, పురిటి బట్టలతో సహా, చావింటి బట్టలతో సహా. ఆ అన్నం మా ఇంట్లో కూడా వేడివేడిగా ఏమీ పెట్టలేదు. ఎనిమిదేళ్ళ నేను ఆవిడని "ఏమే" అనేవాణ్ణి. మా అమ్మమ్మ వయసావిడ నన్ను "చినబాబుగారూ" అనేది. ఎవరూ నన్ను ఆపలేదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది.

మా వైపు ఆ మేరన్నా ఉంది. నిజాం రాజ్యంలోని తెలంగాణలో దొరలకి, అధికారులకి బట్టలుతకడం వెట్టి, అంటే ఊరికే. ఆ వృత్తి కుటుంబంలోంచే పాలకుర్తి ఐలమ్మ వచ్చింది. 1940ల్లో కౌలుకి తీసుకుని పండించుకున్న పంటని విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికొస్తే సంఘం అండతో నిలబడి అడ్డుకుంది. 1985లో చనిపోయింది. 2024లో హైదరాబాదు కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆమె పేరు పెట్టారు. దుస్తులు శుభ్రం చేసే వృత్తి చరిత్రని చిట్కాల చరిత్రగా మాత్రమే చదివితే ఐలమ్మ అందులో ఎక్కడా కనపడదు.

ఆ తర్వాత ఏమైందో మన తరానికి తెలుసు. సన్‌లైట్ సబ్బు 1888లోనే కలకత్తా రేవులో దిగింది. 1959లో సర్ఫ్ వచ్చింది. 1969లో అహ్మదాబాదులో కర్సన్‌భాయ్ పటేల్ నిర్మా మొదలుపెట్టి, సైకిలు మీద తిరుగుతూ, సర్ఫ్ ధరలో నాలుగో వంతుకి అటూ ఇటూగా అమ్మాడు. దానికి జవాబుగానే సర్ఫ్ వాళ్ళు టీవీలో లలితాజీని దింపి, చౌకబారు వేరు, పొదుపు వేరు అని మనకి పాఠం చెప్పించారు. నిర్మా అంత చౌక కావడానికి ఒక కారణం అందులో సోడా యాష్ పాలు ఎక్కువ. అంటే అదే సోడియం కార్బొనేట్, మన చౌడులోని సరుకే! రేవులోని చౌడు ప్యాకెట్లో మన పెరట్లోకి వచ్చింది. దానితో పాటు చాకిరీ కూడా వచ్చింది, కాకపోతే ఈసారి అమ్మల చేతికి. టెర్లిన్, టెరికాట్ చొక్కాలొచ్చాక గంజి, ఉబ్బ కూడా అక్కర్లేకపోయాయి. మా చాకలామె కొడుకులు రేవు వదిలేసి పట్నం పోయారు. అది నష్టమని ఎవరైనా నిట్టూరిస్తే నేను ఒప్పుకోను. గిన్నె పట్టుకుని తిరగడం తప్పింది.

కానీ ఒకటి మాత్రం నాకు మింగుడు పడదు. వాళ్ళు కనిపెట్టి, పరీక్షించి, చేతులు కాల్చుకుని నేర్చుకున్నదంతా మనం "అమ్మమ్మ చిట్కాలు" అని పేరు మార్చి వాడుకుంటున్నాం. ఓపెన్ సోర్స్ కోడ్ తీసుకుని, పైన రాసినవాళ్ళ పేర్లున్న నాలుగు లైన్లు చెరిపేసి, మన ప్రాజెక్టులో పెట్టుకోవడం లాంటిదే. ఆఫీసులో ఆ పని చేస్తే లీగల్ వాళ్ళు ఊరుకోరు. ఇంట్లో తరాలుగా చేస్తున్నాం.

చిట్కాల కోసమే ఇంతవరకు చదివినవాళ్ళని ఉత్తచేతులతో పంపను. పట్టుచీరకి కుంకుడు రసం, చల్లటి నీళ్ళు, నీడ. పాత నూలు పంచెలో చుట్టి పెట్టి, మూడు నాలుగు నెలలకోసారి మడత మార్చండి, లేకపోతే జరీ ఆ మడత దగ్గరే విరుగుతుంది. తడిసిన బూట్లలో పాత పేపరు కుక్కి నీడన పెట్టండి, ఎండలో వద్దు. ఇంకోటి, ఇది మాత్రం పాతవాళ్ళకి తెలిసే అవకాశం లేనిది. పాలీయురితేన్ అడుగున్న బూట్లు పెళ్ళిళ్ళకని అటక మీద దాచొద్దు. గాలిలో తేమకే ఆ అడుగు కొన్నేళ్ళకి పొడిపొడిగా రాలిపోతుంది. వాడుకోవడమే పొదుపు.

మొన్న ఫోన్లో అమ్మని అడిగాను, మన చాకలామె పేరేమిటని. చాలాసేపు ఆలోచించింది. "చాకలామె అనే అనేవాళ్ళం కదరా" అంది. రెండో రోజు తనే ఫోన్ చేసి, పిన్నిని కూడా అడిగానని, పిన్నికీ గుర్తులేదని చెప్పింది. ఇరవై ఏళ్ళు మా బట్టలు ఉతికిన మనిషి.

మీ ఇంట్లోనూ ఒకసారి అడిగి చూడండి. చెప్పగలిగినవాళ్ళు ఉండగానే అడగండి.