బాల్టిమోర్ రేవెన్స్ జట్టులో నాయకత్వ మార్పు (2013)

బాల్టిమోర్ రేవెన్స్ అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని మేరీల్యాండ్ రాష్ట్రానికి చెందిన అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు. 2013లో ఛాంపియన్‌గా నిలిచిన కొద్ది వారాలకే ఈ జట్టు తనకు పెద్దదిక్కుగా ఉన్న పలువురు ఆటగాళ్ళను కోల్పోయింది. ఆటగాళ్ళు దుస్తులు మార్చుకొనే గదిని లాకర్ రూమ్ అంటారు. కొత్తవారికి క్రమశిక్షణ నేర్పడం, ఓటమి వేళ ధైర్యం చెప్పడం వంటి బాధ్యతలను అక్కడ సీనియర్లే వహిస్తారు.

నేపథ్యం

లైన్‌బ్యాకర్ రే లూయిస్ 1996లో, అనగా జట్టు ఏర్పడిన సంవత్సరంలోనే చేరి, 17 సీజన్లూ ఈ జట్టుకే ఆడాడు. 2012 అక్టోబరులో చేతి కండరానికి గాయమైనా ప్లేఆఫ్‌ల నాటికి తిరిగివచ్చాడు. ఆ సీజనే తనకు చివరిదని 2013 జనవరిలో ప్రకటించాడు. ఫిబ్రవరి 3న న్యూ ఆర్లీన్స్‌లో జరిగిన సూపర్ బౌల్‌లో రేవెన్స్ 34–31 తేడాతో శాన్ ఫ్రాన్సిస్కోపై గెలిచింది.

మార్పు

లూయిస్‌తో పాటు సెంటర్ మాట్ బర్క్ కూడా విరమించాడు. ఎడ్ రీడ్ హ్యూస్టన్ జట్టుకు వెళ్ళాడు. లీగ్‌లో జీతాల మొత్తానికి పరిమితి ఉంటుంది. క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకోతో ఆరేళ్ళకు 12.06 కోట్ల డాలర్ల ఒప్పందం కుదరగా, ఆంక్వాన్ బోల్డిన్‌ను శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చివేశారు. నాయకత్వ భారం టెరెల్ సగ్స్, ఫ్లాకో వంటి మిగిలినవారిపై పడింది.

ఫలితం

2013 సీజన్లో జట్టు 8 గెలిచి 8 ఓడింది. 2008లో జాన్ హార్బా శిక్షకుడైన తరువాత ప్లేఆఫ్‌లకు చేరకపోవడం అదే మొదటిసారి. దీనికి సీనియర్ల నిష్క్రమణ ఒక్కటే కారణం కాదు. బంతితో పరుగెత్తే ఆట కూడా బాగా బలహీనపడింది. 2014లో అనుభవజ్ఞుడైన స్టీవ్ స్మిత్ చేరాడు. ఆ సీజన్లో జట్టు 10 విజయాలతో తిరిగి ప్లేఆఫ్‌లకు చేరి, పిట్స్‌బర్గ్‌ను ఓడించింది. సగ్స్ 2018 సీజన్ వరకు జట్టులో కొనసాగాడు.