తూము ఎవరి చేతిలో? డెల్టాలో యంత్రాలూ, భయాలూ, మనమూ



ఈ వారం కుసుమ ధర్మన్న గారి గురించి రాస్తానన్నాను. దాన్ని వచ్చే భాగానికి జరుపుతున్నాను. కారణం మీరే. పది రోజులుగా ఇన్‌బాక్సులో ఒకటే ప్రశ్న. ఏఐ వచ్చేస్తోంది కదా మేడమ్, మన పిల్లల గతేంటి? అడిగినవాళ్ళలో కాకినాడలో ఇంజనీరింగ్ చదివేవాళ్ళున్నారు, రాజమండ్రిలో రూము తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నవాళ్ళున్నారు, కోనసీమ ఊళ్ళలో అంబేద్కర్ యువజన సంఘాలు నడిపే తమ్ముళ్ళున్నారు. ఒక పక్క ఏఐ నేర్చుకోకపోతే బతుకే లేదని కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు బెదిరిస్తున్నాయి. ఇంకోపక్క టీవీ చర్చల్లో ఏఐ వస్తే ఎవరికీ ఉద్యోగమే ఉండదంటున్నారు. పిల్లలు ఈ రెండు అరుపుల మధ్య నలిగిపోతున్నారు.

నేను తెలుగు సాహిత్యం చదువుకున్నదాన్ని. కంప్యూటర్ లోపల ఏం జరుగుతుందో చెప్పడం నా పని కాదు. కానీ ఊళ్ళోకి కొత్త యంత్రం దిగినప్పుడు ఎవరు సంబరపడ్డారు, ఎవరు భయపడ్డారు, ఎవరి భయం కాగితం మీదికెక్కింది, ఎవరిది ఎక్కలేదు అనేది నా పనే. దానికి మన డెల్టాని మించిన చోటు లేదు.

ధవళేశ్వరం నుంచి మొదలుపెడతాను. 1832-33లో నందన నామ సంవత్సరపు కరువు. 1839లో కోరంగి తీరాన్ని ముంచిన ఉప్పెన. 1821లో 7 లక్షలు దాటిన రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 6 లక్షల లోపుకి పడిపోయింది. చచ్చినవాళ్ళు చావగా మిగిలినవాళ్ళు వలసపోయారు. పన్ను రాబడి పడిపోయాక గానీ కంపెనీ దొరలకి ఈ జిల్లా గుర్తు రాలేదు. 1844లో హెన్రీ మాంట్‌గోమరీ విచారణ జరిగింది. దాని తర్వాత ఆర్థర్ కాటన్ ఆనకట్ట ప్రతిపాదన పెట్టాడు. 1847లో పని మొదలైంది, 1852లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా, ఇసుక మీద నిలబెట్టిన రాతి కట్టడం. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. కరువుకి కళ్ళెం పడింది, నేను కాదనను. కాటన్ విగ్రహం లేని ఊరు డెల్టాలో వెతుక్కోవాలి. ఆయనకి సాయపడిన వీణెం వీరన్న పేరూ నిలిచింది. కొండ పగలగొట్టి రాళ్ళు మోసిన వేలమంది పేర్లు ఎక్కడున్నాయని ఈ సిరీస్ చదివేవాళ్ళకి నేను కొత్తగా అడగక్కర్లేదు.

ఇక్కడ ఒక పక్కదారి తొక్కుతాను, ఎందుకంటే ఈ సంగతి తెలిస్తే ఇవాళ్టి ఏఐ హడావిడి సగం అర్థమవుతుంది. గోదావరి లాభం చూసి లండన్‌లో డబ్బున్నవాళ్ళకి ఆశ పుట్టింది. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అని పెట్టారు. ఇండియా అంతా కాలువలు తవ్వేస్తాం, నీళ్ళమ్మి, పడవలు నడిపి బంగారం పండిస్తామన్నారు. పెట్టుబడికి 5 శాతం వడ్డీ ప్రభుత్వం పూచీ. అంటే నష్టమొస్తే కట్టేది ఇక్కడి జనం. ఆ డబ్బుతో తవ్వినదే రాయలసీమలో కర్నూలు-కడప కాలువ. ఖర్చు అంచనాలు దాటిపోయింది. నీళ్ళు కొనుక్కునే రైతులు కంపెనీ అనుకున్నంతమంది రాలేదు. చివరికి 1882లో ప్రభుత్వమే దాన్ని కొనుక్కుంది. ఒకచోట నిజంగా పనిచేసిన యంత్రాన్ని చూపించి, అన్నిచోట్లా అద్భుతాలు అమ్మడం నిన్న మొన్న కాలిఫోర్నియాలో పుట్టిన విద్య కాదు.

మళ్ళీ డెల్టాకి. కాలువలు వచ్చాయి, లాకులు వచ్చాయి, తూములు వచ్చాయి. తూము తలుపు ఎత్తడానికి లష్కరు వచ్చాడు. నీళ్ళు పారిన భూమి ధర పెరిగింది, భూమి ఉన్నవాడు పెద్దరైతయ్యాడు. భూమి లేని మాల మాదిగలకి వచ్చిందల్లా పని. సార్వాతో పాటు దాళవా పండితే రెండుసార్లు ఊడ్పులు, రెండుసార్లు కోతలు, రెండుసార్లు నూర్పిళ్ళు. పాలికాపు పాలికాపుగానే ఉన్నాడు. బోయి భీమన్న గారి 'పాలేరు' నాటకం ఈ ప్రాంతంలో అంతగా ఆడిందంటే ఊరికే కాదు. అందులో పాలేరు కుర్రాడు చదువుకుని అధికారి అవుతాడు. పొలంలోంచి బయటపడే దారి చదువొక్కటేనని మన తాతలకి అర్థమైన కాలం అది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ కావాలి.

రెండో యంత్రం రైసు మిల్లు. దీని గురించి మన చరిత్ర పుస్తకాలు ఒక్క వాక్యంలో సరిపెడతాయి గానీ, నాకు అన్నిటికంటే ఎక్కువ కోపం తెప్పించేది ఇదే.

మిల్లుకి ముందు బియ్యమంటే రోలూ రోకలీ. రోజంతా దంచే పని పేదింటి ఆడవాళ్ళది. వాళ్ళకి కూలితో పాటు నూకలో, తవుడో దక్కేవి. నూకలు పిల్లలకి జావ, తవుడు గేదెకి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో డెల్టా పట్టణాల్లో మిల్లులు వరసగా లేచాయి. వందమంది దంచేది ఇంజను దంచేసింది.

అప్పుడు మిల్లు మీద భయం లేదా అంటే, చాలా ఉంది. అయితే దేని గురించి? బెరిబెరి గురించి. సర్కారు జిల్లాల్లో కాళ్ళు ఉబ్బి, నడవలేక, గుండె ఆగి మనుషులు చనిపోతున్నారు. తవుడు పొర పోయిన తెల్లబియ్యం తినడమే కారణమా అని డాక్టర్లు తలలు పట్టుకున్నారు. కూనూరులో మెక్‌కారిసన్ 1920ల్లో ఈ జబ్బు మీదే పరిశోధన చేశాడు. 1934లో గాంధీ గ్రామ పరిశ్రమల సంఘం పెట్టి దంపుడు బియ్యం తినమన్నాడు. అది నిజమైన భయమే, నేను తక్కువ చేయడం లేదు. కానీ తినేవాడి ఒంటికి ఏమవుతుందన్న ఆందోళనకి వచ్చినన్ని పేజీలు, దంచే మనిషి కడుపుకి ఏమవుతుందన్నదానికి రాలేదు. చేతి దంపుడుని కాపాడే ఉద్దేశంతో రైసు మిల్లుల నియంత్రణ చట్టం తెచ్చేసరికి 1958 అయింది. అప్పటికి డెల్టాలో రోళ్ళు పెళ్ళికి పసుపు కొట్టడానికి మిగిలాయి.

యంత్రం గురించి సమాజం భయపడుతోంది అన్న మాట విన్నప్పుడల్లా నాకు ఈ బియ్యమే గుర్తొస్తుంది. సమాజం అంటే ఎవరు? తినేవాళ్ళా, దంచేవాళ్ళా?

మూడోది మీలో చాలామంది కళ్ళారా చూసింది, వరికోత మిషను. ట్రాక్టరుని వదిలేస్తున్నాను, దాని కథ వేరు. కోత మిషను డెల్టాలోకి వచ్చింది 'కూలీలు దొరకడం లేదు' అన్న మాటతో. 2011లో కోనసీమ రైతులు సార్వాలో పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన కారణాల్లో గిట్టుబాటు ధర ఉంది, మురుగు కాలువలు పూడిపోవడం ఉంది, వాటి పక్కనే ఉపాధి హామీ వల్ల కూలి రేట్లు పెరిగిపోయాయన్నదీ ఉంది. రైతు కష్టం నిజం. కౌలురైతుల్లో మనవాళ్ళూ ఉన్నారు. కానీ కొరత అన్న మాటని విప్పి చూడండి. మనుషులు లేకపోవడం ఒకటి, పాత కూలికి వచ్చే మనుషులు లేకపోవడం ఇంకొకటి. రెండోదాన్ని మొదటిదిగా చెప్పినప్పుడే మిషనుకి దారి పడుతుంది.

మా అమ్మ కోతలకి వెళ్ళేది. కోత అయ్యాక చేలో రాలిన వెన్నులు ఏరుకునేవాళ్ళు, పరిగె అనేవాళ్ళం. మా ఇంట్లో సంక్రాంతి అరిసెలు చాలా ఏళ్ళు పరిగె బియ్యంతోనే. మిషను గంటలో ఎకరం ముగించి పోతుంది. కోత కూలీ పోయింది, కుప్పనూర్పుడు కూలీ పోయింది, పరిగే పోయింది. ఊడ్పుల పని ఇంకా ఉంది, అందులోకీ యంత్రాలు వస్తున్నాయి. పనిపోయిన ఆడవాళ్ళు ఎటు వెళ్ళారో మీకు చెప్పాలా? రెండు గోదావరి జిల్లాల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్ వంటిళ్ళలోకి.

కూలి డబ్బు కంటే పెద్దది ఇంకొకటి పోయింది. అదునులో పని ఆపగలిగే బలం. భూమిలేని కులానికి ఉన్న ఒకే ఒక్క ఆయుధం అది. కోతకొచ్చిన చేను రెండు రోజులాగితే గింజ రాలిపోతుంది. ఆ రెండు రోజుల భయంతోనే పాతకాలంలో పెద్దరైతు పేటకి కబురు పంపేవాడు, బేరమాడేవాడు, ఒక్కోసారి తగ్గేవాడు. 2017లో పాలకోడేరు మండలం గరగపర్రులో అంబేద్కర్ విగ్రహం పెట్టుకున్నందుకు మన మాలపేటని వెలి వేశారు, పనిలోకి పిలవొద్దన్నారు. వెలి పాత జబ్బే. అయితే మనిషి చెయ్యి లేకుండా పంట ఇంటికి చేరే కాలంలో వెలి వేసేవాడికి ఖర్చు తక్కువ.

ఇప్పుడు ఏఐ దగ్గరికి వద్దాం.

ఈసారి భయం అన్ని పేపర్లలో, అన్ని చానళ్ళలో ఎందుకుంది? ఈసారి యంత్రం కుర్చీలో కూర్చుని చేసే పని మీదికి వచ్చింది కాబట్టి. ఉత్తరాలు రాసే, లెక్కలు చూసే, కోడ్ రాసే, పాఠం చెప్పే పని మీదికి. రోకలి పోయినప్పుడు, కొడవలి పోయినప్పుడు అభివృద్ధి అన్నవాళ్ళే కీబోర్డు పోతుందనేసరికి మానవజాతి ప్రమాదంలో పడింది అంటున్నారు. నాకు నవ్వొస్తుంది, నిజమే.

కానీ నవ్వి ఊరుకోలేం. పాలేరు కొడుకు చదువుకుని బయటపడే దారి అన్నాను కదా, ఆ దారి చివర ఇప్పుడున్నది ఆ కుర్చీయే. ఫీజు రీయింబర్స్‌మెంటుతో ఇంజనీరింగ్ చేరిన మన పిల్లలు చాలామందికి ఇంట్లో మొదటి డిగ్రీ అది. 2025 జులైలో టీసీఎస్ 12 వేలమందికి పైగా ఉద్యోగుల్ని తగ్గిస్తానని ప్రకటించింది. కంపెనీ దానికి వేరే కారణాలు చెప్పింది, అన్నిటినీ ఏఐ ఖాతాలో వెయ్యలేం. అయినా ఫ్రెషర్‌కి ఇచ్చే చిన్నాచితకా పనే ముందు యంత్రానికి వెళ్తుందన్నది తెలుస్తూనే ఉంది. పై మెట్టు మీదున్నవాడికి పరిచయాలుంటాయి, మేనమామ ఉంటాడు. కింది మెట్టు తీసేస్తే మొదటిసారి ఎక్కబోయేవాడే ఆగిపోతాడు. అందులోనూ అది ప్రైవేటు రంగం, రిజర్వేషన్ లేనిచోటు.

ఇంకో సంగతి. యంత్రం ఎప్పుడో మనల్ని శాసిస్తుందని సినిమా భయం పెట్టుకోనక్కర్లేదు. పక్క రాష్ట్రంలో ఆ పని ఎప్పుడో మొదలైంది. తెలంగాణలో సమగ్ర వేదిక అనే వ్యవస్థ ఉంది. వాహనాల రిజిస్ట్రేషన్, కరెంటు బిల్లు, ఆస్తి, ఇలా రకరకాల శాఖల లెక్కల్ని కలిపి ఎవరు పేదో ఎవరు కాదో అదే తేలుస్తుంది. 2014 నుంచి 2019 మధ్య అక్కడ 18 లక్షల 60 వేలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. 2016 నుంచి ఆ ఏరివేతలో ఈ వ్యవస్థని వాడారు. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడి కుటుంబానికి కారు ఉందని తేల్చి కార్డు తీసేశారు. 2022లో సుప్రీంకోర్టు చెబితే గానీ రద్దయిన కార్డుల్ని ఇంటింటికీ వెళ్ళి మళ్ళీ చూడాలన్న ఆలోచన రాలేదు. పాత లష్కరు లంచగొండి కావచ్చు, కులగజ్జి ఉన్నవాడు కావచ్చు. కానీ గట్టు మీద నిలబడి అతన్ని తిట్టొచ్చు. ఈ తూము దగ్గర మనిషే లేడు. ఎందుకు మూశావని అడిగితే సిస్టంలో అలా వస్తోంది అంటారు.

మరి ఆ యంత్రం చదివిందేంటి? మనం రాసిపెట్టినది. ఆ 'మనం'లో ఎవరున్నారో తెలుగు పాఠాలు చెప్పేదానిగా నాకు బాగా తెలుసు. నూరేళ్ళ అచ్చు తెలుగులో పేట మాట ఎంత? చాట్‌బాట్‌ని తెలుగులో రాయమంటే నున్నటి పేపరు భాష రాస్తుంది. మా అమ్మ మాట అందులో ఒక్కటీ ఉండదు. ఇంగ్లీషులోనైతే ఇంకా దారుణం. 2025 అక్టోబరులో ఎంఐటీ టెక్నాలజీ రివ్యూ పత్రిక జీపీటీ-5కి 105 వాక్యాల్లో ఖాళీలు పూరించమని ఇచ్చింది. 80 చోట్ల కులం మూసలోనే పూరించింది. తెలివైనవాడు అంటే బ్రాహ్మణుడు, మురుగు శుభ్రం చేసేవాడంటే దళితుడు. దానికి మనువు తెలియదు. మనువుని చదివినవాళ్ళ రాతలు తెలుసు, చాలు.

అసలు ఆ మురుగు పని యంత్రం లోపల కూడా ఉంది. చాట్‌జీపీటీ బూతులు, హింస మాట్లాడకుండా ఉండాలంటే ముందు ఎవరో ఆ బూతుల్ని, హింసని రోజంతా చదివి గుర్తులు పెట్టాలి. కెన్యాలో గంటకి 2 డాలర్ల లోపు కూలికి ఆ పని చేయించారని 2023 జనవరిలో టైమ్ పత్రిక బయటపెట్టింది. ఎంత తెలివైన యంత్రమైనా పాకీ పనికి మనుషుల్ని వెతుక్కుంటుంది.

చివరగా నీళ్ళు. 2025 అక్టోబరులో విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్లతో ఏఐ కేంద్రం పెడుతుందని ప్రకటించారు. ఒక గిగావాట్ సామర్థ్యం. పండగ చేసుకున్నారు, చేసుకోనివ్వండి. పెద్ద డేటా సెంటర్లు వేడి దించడానికి నీళ్ళు వాడతాయి, ఎన్ని అన్నది ఏ పద్ధతి పెడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. విశాఖకి నీళ్ళిచ్చే వనరుల్లో ఏలేరు ఒకటి. ఏలేరు జలాశయం మన పాత తూర్పు గోదావరి జిల్లాలోనిది. అందులోకి పురుషోత్తపట్నం ఎత్తిపోతలతో గోదావరి నీళ్ళు తోడే ఏర్పాటుంది. అంటే కాటన్ ఆపిన నదే. ఈ కేంద్రానికి ఎన్ని నీళ్ళు, ఎక్కడి నుంచి, ఎండాకాలం శివారు భూములకి దాళవా తడి అందని ఏడాది ముందు ఎవరికి ఆపుతారు? నిర్మాణం అయ్యాక వచ్చే ఉద్యోగాల్లో ఎస్సీ, ఎస్టీలకి ఎన్ని? ఈ ప్రశ్నలు సంఘాల తరఫున కలెక్టరేట్‌లో అర్జీగా ఇవ్వొచ్చు, సమాచార హక్కు కింద అడగొచ్చు. ముసాయిదా నేను రాస్తున్నాను, రెండు మూడు రోజుల్లో పెడతాను. లాయర్ మిత్రులు ఒకసారి సరిచూడండి.

విద్యార్థులకి ఒక పని. సెలవులకి ఊరెళ్ళినప్పుడు మీ నాయనమ్మనో, అమ్మమ్మనో అడగండి: ఊళ్ళోకి మిల్లు ఎప్పుడొచ్చింది, మొదటి కోత మిషను ఎవరి చేలో దిగింది, ఆ రోజు పేటలో ఏం మాట్లాడుకున్నారు? వాళ్ళ మాటల్లోనే ఫోన్‌లో రికార్డు చెయ్యండి, భాష దిద్దొద్దు. ఊరి పేరు, ఏడాది రాసి నాకు పంపండి.

వచ్చే భాగం కుసుమ ధర్మన్న. ఈసారి జరపను.

జై భీమ్.