కొట్పాడ్‌లో దివ్యాంగుల ఓటు

కొట్పాడ్ ఒడిశాలోని కొరాపుట్ జిల్లాలో, బస్తర్ సరిహద్దున ఉన్న ఊరు. ఆల్ చెట్టు వేరు రంగు పట్టించిన ఎర్రటి నేతకు పేరుపడింది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో, జయపురం జమీందారీ కింద ఉండేది. అప్పట్లో ఆస్తినో పన్నునో చూసి ఓటిచ్చేవారు కనుక, కళ్లున్నా లేకున్నా ఇక్కడ చాలామందికి అది దక్కలేదు.

1951-52 తొలి సార్వత్రిక ఎన్నికల్లో వయోజనులందరికీ ఓటు వచ్చింది. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె, దాని మీద అతని గుర్తు. చదువురానివారి కోసం చేసిన ఏర్పాటది. చూపులేనివారికి మాత్రం పెట్టెలన్నీ ఒక్కటే. తర్వాత గుర్తులన్నీ ఒకే కాగితం మీదికి చేరి, రబ్బరు ముద్ర వేసే పద్ధతి వచ్చినా చిక్కు తీరలేదు. 1961 ఎన్నికల నిర్వహణ నిబంధనలు తోడుమనిషిని అనుమతిస్తాయి. తోడుకు 18 ఏళ్లు నిండాలి. ఓటు రహస్యం కాపాడతానని, ఆ రోజు ఇంకెవరికీ తోడు వెళ్లలేదని రాసివ్వాలి. కానీ తోడుగా వెళ్లిన కొడుకు నొక్కింది తండ్రి చెప్పిన గుర్తేనా అని తేల్చే దారి ఆ కాగితంలో లేదు.

మార్పు తెలుగునేల మీద మొదలైంది. 2004లో హైదరాబాద్‌లోని ఆసిఫ్‌నగర్ అసెంబ్లీ ఉపఎన్నికలో ఓటింగ్ యంత్రంపై బ్రెయిలీని తొలిసారి పరీక్షించారు. 2009 సార్వత్రిక ఎన్నికల్లో అది దేశమంతటికీ వచ్చింది. ఓటరు ముందుగా బ్రెయిలీలో అచ్చయిన నమూనా బ్యాలెట్‌ను వేళ్లతో చదివి, తన అభ్యర్థి వరుస సంఖ్యను గుర్తుపెట్టుకుంటాడు. కాగితం తిరిగిచ్చేసి తెర చాటుకు వెళ్లి, నీలం మీట పక్కనున్న చుక్కలను తడిమి, అదే అంకె దగ్గర మీట నొక్కుతాడు. ఇదంతా బడిలో బ్రెయిలీ నేర్చినవారి మాట. ముసలితనంలో చూపు పోయినవారికి, ఇంట్లో భత్రి, దేశియా వంటి స్థానిక భాషలు మాట్లాడుతూ బడిముఖం చూడనివారికి తోడుమనిషే గతి.

నడవలేనివారి చిక్కు గడప దగ్గరే మొదలవుతుంది. పోలింగ్ కేంద్రాలకు ర్యాంపులు వేయాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. కేంద్రాలు దివ్యాంగులకు అనువుగా ఉండేలా చూసే బాధ్యతను 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 11వ సెక్షన్ ఎన్నికల సంఘంపై పెట్టింది.

2019లో దివ్యాంగులు ఇంటి నుంచే ఓటు వేసే వీలు కల్పించారు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతటా అది అమలైంది. నవరంగ్‌పూర్ లోక్‌సభ స్థానంలో భాగమైన కొట్పాడ్, ఆంధ్ర, తెలంగాణలతో పాటే మే 13న పోలింగ్‌కు వెళ్లింది. ఇంటి ఓటు అంతకు ముందే పడుతుంది: సిబ్బంది, పోలీసు, వీడియో తీసే మనిషి గుమ్మం దాకా వస్తారు, ఓటరు కాగితం మీద గుర్తుపెట్టి కవరులో మూసి ఇస్తాడు. అయితే ఇంటి ఓటు కోరే 12డి దరఖాస్తు ఎన్నికల నోటిఫికేషన్ వెలువడిన 5 రోజుల్లోపే అందాలి. దివ్యాంగులకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి. ఇంటికొచ్చే ఓటు కోసం ముందు ఆ కాగితానికి ఆస్పత్రి దాకా వెళ్లక తప్పదు.