ఫిడేలు నాయుడు గారి విజయనగరం

నవంబర్ ఫిడేలు విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారి నెల. ఆయన 1893 నవంబర్ 8న పుట్టారు, 1964 నవంబర్ 25న కన్నుమూశారు. విజయనగరంలో, విశాఖలో ఆ పేరు చెబితే ఇప్పటికీ చేతులు జోడించేవాళ్లున్నారు. జనగామ, మానుకోట, భూపాలపల్లి వైపు మాత్రం ఆయన్ను తలచుకునేవాళ్లు తక్కువ. తలచుకోవాలి. ఎందుకంటే తీగ మీద పాట పలికించడం మన నేలకు ఆయన కన్నా చాలా ముందు నుంచే తెలుసు.

జనగామ జిల్లా పాలకుర్తి మన కవి సోమనాథుడి ఊరు. పండితారాధ్య చరిత్ర పర్వత ప్రకరణంలో శివరాత్రికి శ్రీశైలం వెళ్లే భక్తుల సందడిని చెబుతూ, ఆయన ఎన్నో రాగాల పేర్లు, ఎన్ని రకాల వీణలున్నాయో వాటి పేర్లు వరసపెట్టి చెప్పుకుపోతాడు. చెవితో విననివాడు అలా రాయలేడని నా నమ్మకం. 1213లో రేచర్ల రుద్రుడు పాలంపేటలో రామప్ప గుడి కట్టించాడు. 2016లో భూపాలపల్లి జిల్లాలో చేరి, 2019లో ములుగు జిల్లాకు వెళ్లిన గుడి అది. దాని గోడల మీద మద్దెల వాయించేవాళ్లు, ఆడేవాళ్లు నేటికీ కదులుతున్నట్టే ఉంటారు.

ఆ తర్వాత అయిదారు వందల ఏళ్లపాటు మన పల్లెల సంగీతాన్ని కాగితం మీద పెట్టినవారు దాదాపు లేరు. శారదకాండ్రు మాత్రం భుజాన తంబుర మోసుకుంటూ ఊరూరా కథ చెప్పారు. తీగ తెగలేదు.

వయొలిన్ దక్షిణాదికి తెల్లవాళ్లతో వచ్చింది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786–1858) దాన్ని మద్రాసులో ఒక యూరపు వాద్యకారుడి దగ్గర నేర్చుకుని కర్ణాటక సంగీతంలోకి తెచ్చారు. తంజావూరు వడివేలుకు తిరువాన్కూరు రాజు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు వయొలిన్ బహూకరించాడు. నిలబడి భుజాన పెట్టుకునే వాద్యాన్ని మనవాళ్లు కింద కూర్చుని, దాని తలను కుడి చీలమండకు ఆనించి, శ్రుతిని గాయకుడి గొంతుకు తగ్గట్టు మార్చుకుని తమదిగా చేసుకున్నారు. అయినా నూరేళ్లు అది పక్కవాద్యమే. గాయకుడు పాడింది నీడలా అనుసరించాలి, ఆయన ఊపిరి తీసుకునే సందులో రెండు ముక్కలు వాయించాలి. అంతవరకే.

ఇక నాకు ఎంతో ఇష్టమైన 1919లోకి వస్తాను. దానికి ముందు ద్వారం చిన్నతనం కొంచెం.

వెంకటస్వామి బెంగళూరులో దీపావళి నాడు పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేశారు. ఆ తర్వాత కుటుంబం విశాఖపట్నం చేరింది. పిల్లవాడికి చూపు మందం. నల్లబల్ల మీద అక్షరాలు కనిపించక చదువు ఆగిపోయింది. అన్న వెంకటకృష్ణయ్య వయొలిన్ విద్వాంసుడు, ఆయనే తమ్ముడికి కమాను పట్టించారు. బొబ్బిలి వైపు తుమరాడ సంగమేశ్వర శాస్త్రి వీణ విన్నాక ఆ కుర్రవాడి చేతికి ఇంకో దారి దొరికింది. వీణ మీద ఒక స్వరం మీటాక అది ఎలా సన్నబడి, ఎలా ఆగుతుందో ఆయన కమానుతో పట్టుకోవాలనుకున్నారు. బడిలో కళ్లు చేయలేని పనిని ఇంట్లో చెవులు చేశాయి.

1919లో విజయనగరం మహారాజు పూసపాటి విజయరామ గజపతిరాజు సంగీత కళాశాల తెరిచారు. తమ కొలువులోని ఒక ఉద్యోగి కొడుకు చూపులేనివాడు, ఆ అబ్బాయికి సంగీతం నేర్పించాలన్న తలంపుతోనే ఇదంతా మొదలైందని ఊళ్లో చెప్పుకుంటారు. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. ఒకేసారి అయిదు తాళాలు వేస్తూ పాడగలిగిన మనిషి, హరికథా పితామహుడు. అలాంటి పరీక్షకుడి ముందు నిలబడటమంటే మాటలు కాదు.

ద్వారం అక్కడికి విద్యార్థిగా చేరాలని వచ్చారని, వాయించమంటే వాయించారని, విన్న పెద్దలు ఇతనికి మేం నేర్పేదేముంది, ఇతనే మా పిల్లలకు నేర్పాలి అని వయొలిన్ ఆచార్యుడిగా పెట్టుకున్నారని కథ. 1919లో ఆయన ఆచార్యుడు కావడం చరిత్ర. అప్పటికి పాతికేళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఈ కథలో నన్ను కదిలించేది యువకుడి ప్రతిభ ఒక్కటే కాదు. వయసు, పట్టా, ఊరు, చూపు ఏదీ అడగకుండా చెవికి వినిపించినదాన్నే లెక్కలోకి తీసుకున్న పెద్దల మనసు. చూపులేని పిల్లవాడి కోసం తెరిచిన తలుపు చూపు మందమైన గురువుకు కూడా తెరుచుకుంది. నారాయణదాసు తర్వాత 1936లో ఆ కుర్చీలో ప్రిన్సిపాల్‌గా కూర్చున్నది కూడా ఆయనే.

1938లో వెల్లూరులో గాయకుడు లేకుండా వయొలిన్ ఒక్కటే ప్రధానంగా ఆయన కచేరీ చేశారు. పక్కన కూర్చునే వాద్యం మధ్యకు వచ్చింది. పొడవైన కమాను గీతతో, విరుపులు లేకుండా, గొంతులో పాట సాగినట్టే రాగం సాగేది. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధిగా గౌరవించింది. 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ వచ్చాయి.

1952లో పాశ్చాత్య వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ భారతదేశం వచ్చారు. మద్రాసులో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి పి.వి. రాజమన్నార్ ఇంట ద్వారం వాద్యం విని ముగ్ధులయ్యారు. ఆ మెనూహిన్ కోరిక మీదే ఎనిమిదేళ్ల ముందు హంగరీ స్వరకర్త బేలా బార్తోక్ ఒంటరి వయొలిన్ కోసం సొనాటా రాసి ఇచ్చాడు. బార్తోక్ తన దేశపు రైతుల పాటలను ఊరూరా తిరిగి ఫోనోగ్రాఫ్‌లో ఎక్కించినవాడు. పల్లె పాట చెవిలో నింపుకున్న స్వరకర్త సొనాటా వాయించిన చేతులు, తెలుగు కమాను ముందు ఆ సాయంత్రం ఊరుకున్నాయి. ఆ గదిలో ఒక మూల కూర్చునే భాగ్యం కలిగి ఉంటే ఎంత బావుండేదో!

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. విజయనగరం కళాశాల ఘంటసాలను, పి. సుశీలను సినిమాకు ఇచ్చింది. సినిమా వయొలిన్లను గుంపుగా కూర్చోబెట్టింది, ఆ తర్వాత కీబోర్డు ఆ గుంపు పని ఒక్క చేత్తో కానిచ్చింది. మన వైపు బార్తోక్ చేసిన పనికి దగ్గరి పని చేసిన బిరుదురాజు రామరాజు ఉమ్మడి వరంగల్ జిల్లా దేవనూరు మనిషి, జానపద గేయాల మీద పరిశోధించి దారి వేశారు. జనగామ జిల్లా మాణిక్యాపురం చుక్క సత్తయ్య ఒగ్గు కథను ఢిల్లీ దాకా తీసుకెళ్లారు. 2024లో చిందు యక్షగానం గడ్డం సమ్మయ్యకు పద్మశ్రీ వచ్చింది, ఆయనదీ జనగామ జిల్లానే. డోలుకు, అడుగుకు, గొంతుకు గౌరవం దక్కింది. మన వైపు తీగకు ఇంకా దక్కాల్సి ఉంది.

2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ నుంచి జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాలు విడివడ్డాయి. కలెక్టరేట్లు వచ్చాయి, ఆసుపత్రులు పెద్దవయ్యాయి. సంగీతం నేర్చుకోవాలంటే మాత్రం వరంగల్ విద్యారణ్య సంగీత నృత్య కళాశాలే దిక్కు. జనగామ పిల్లకైనా, మానుకోట పిల్లవాడికైనా, భూపాలపల్లి నుంచి బస్సెక్కే సింగరేణి కార్మికుడి కూతురికైనా దాదాపు 60 కిలోమీటర్లు. బడి విడిచాక వెళ్లి, పాఠం చెప్పించుకుని, రాత్రికి ఇల్లు చేరడం పదేళ్ల పిల్లల వల్ల కాదు. ఒక్కో జిల్లా కేంద్రంలో ఒక గది, ఒక వయొలిన్ గురువు, అద్దె లేకుండా ఇచ్చే నాలుగు వాద్యాలు చాలు. విజయనగరంలో కూడా అంతా ఒక్క పిల్లవాడి కోసమే మొదలైందని చెప్పుకుంటారు కదా.